చేపల ఫ్రిజ్‌లో చలికాలం

రత్నావతి కూర్చుని కథ చెప్పదు. కుండీలు జరుపుతూ చెబుతుంది. ఎండుటాకులు తుంపుతూ చెబుతుంది. మనకు టీ ఇచ్చి, ఆ టీ చల్లారేలోపు వంటింట్లోకి వెళ్లి పొయ్యి చూసి, వాకిట్లోకి వెళ్లి ఎవరో పిలిచారేమోనని తొంగి చూసి, తిరిగొచ్చి ఆపిన మాట దగ్గర మళ్లీ అందుకుంటుంది. వినాలనుకున్నవాళ్లు ఆమె వెనకాలే తిరగాలి. ఆ చిన్న మొక్క కథ నేను అలా తిరుగుతూ, కొన్ని నెలలపాటు ముక్కలు ముక్కలుగా విన్నాను.

మలేషియాలోని సుంగై పెటాని ఊరి చివర వరస ఇళ్లలో ఆమెది మూల ఇల్లు. పుట్టింది మాత్రం రబ్బరు తోటలో. తాతలు విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. పెళ్లయ్యాక ఊళ్లోకి వచ్చి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో చేరింది. వెంట్రుకకన్నా సన్నటి తీగలు సరిగ్గా అతుక్కున్నాయో లేదో మైక్రోస్కోపులో చూడడం ఆమె పని. సగం జీవితం అందులోనే గడిచింది. వయసైపోయిందని ఒకరోజు పూలదండ వేసి ఇంటికి పంపారు.

"కూకుని తినమన్నారు," అంటుంది రత్నావతి. "కూకోడం నాకెవులు నేర్పినారు?"

కూర్చోలేకే ఇంటి వెనక గోడకూ సందుకూ మధ్యనున్న సన్నటి జాగా మీద నల్లని వల కట్టించింది. ఆ వల కింద నీడలో ఫెర్న్ మొక్కలు, రంగురంగుల ఆకుల కెలాడి దుంపలు నాటింది. అవి ఈ వేడికి, ఈ వానకి పుట్టిన మొక్కలు. వాటి మానాన అవి పెరిగాయి. రోజుకి పదిసార్లు వెళ్లి చూసినా వాటికి ఈమె అవసరమేమీ కనపడలేదు. అందుకేనేమో, ఆమె ప్రాణమంతా ఒక్క కుండీ మీదికి పోయింది.

అందులో ఉన్నది హోస్టా. చలి దేశాల నీడమొక్క. మామూలుగా దాని ఆకులు విస్తరి కుట్టుకునేంత ఉంటాయట. ఇది పొట్టి రకం. ఆకు బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దది. గుండ్రంగా, మందంగా, మధ్యలో నీలం కలిసిన ఆకుపచ్చ, చుట్టూ మీగడ రంగు అంచు. నేలకు ఆనుకుని గుంపుగా లేచి నిలబడితే ఎలుకపిల్లలు చెవులు రిక్కించినట్టు ఉంటుంది. దానికి 'సిట్టెలక' అని పేరు పెట్టింది మోగన.

మోగన ఫ్యాక్టరీలో ఆమె పక్క బల్ల. వయసులో చాలా చిన్నది. రత్నావతినే పని నేర్పమని పక్కన కూర్చోబెట్టారు. తరవాత పెళ్లి చేసుకుని కెమరాన్ కొండల మీద బ్రించాంగ్ వెళ్లిపోయింది. అక్కడ ఒక పూల తోటలో, కోసిన పూలను కట్టలు కట్టి చల్లగా దాచే గదిలో పని. తోట పాత యజమాని ఎక్కడినుంచో తెచ్చి, గుడిసె నీడలో పెంచుకున్న హోస్టాలను మోగనే చూసుకునేది. రత్నావతి ఒకసారి ఆమెను చూడ్డానికి వెళ్లి, ఆ మొక్కల ముందు కూలబడిపోయింది.

"నాకొక పిలక ఇయ్యే."

"వొద్దక్కా. కింద వేడికి ఇది బతకదు."

"నాను బతుకుతున్నాను కదేటి?"

"నీకు నిద్దరక్కర్లేదు. దానికి కావాల. ఏటికోసారి ఆకులన్నీ రాల్చీసి, సలిలో పడుకోవాల. మా కొండ మీది సలే దానికి సాలదు. నేను పూల గదిలో ఎట్టి పడుకోబెడతాను."

"నానూ పడుకోబెడతాను. ఇయ్యి లా!"

మాట చివర ఇక్కడివాళ్లు తగిలించే ఆ 'లా' విన్నాక ఇవ్వక తప్పలేదు. ఒక్క పిలక, తడి గుడ్డలో చుట్టి, కొండ దిగింది.

ఆ తరవాతి ఏడు ఆ పూల తోట చేతులు మారింది. కొత్త యజమాని పాత గుడిసె కూలగొట్టించి, నేల చదును చేయించాడు. మోగన సెలవు మీద ఉంది. తిరిగొచ్చేసరికి హోస్టాలు మట్టితో సహా లారీ ఎక్కి వెళ్లిపోయాయి. అప్పటికే ఆమె ఇంటి పక్క చిన్న మడి కౌలుకి తీసుకుని, సొంతంగా మొక్కలు పెంచి అమ్ముదామని ఆశ పెట్టుకుంది. మొదట పెంచాలనుకున్నవి ఆ హోస్టాలే. ఆరోజు ఫోన్ చేసి ఏడ్చింది.

"అక్కా, నీకాడున్నదే మిగిలింది. అది పిలకలేస్తే సగం నాకిచ్చీ."

"సగమేటే, పెద్ద సగమే ఇస్తాను," అంది రత్నావతి.

అనేసి, ఫోన్ పెట్టేసి, వెనక్కి వెళ్లి కుండీ చూసింది. మొక్క బాగాలేదు. సిట్టెలక నిద్రపోకుండా ఆకు మీద ఆకు వేస్తోంది. ప్రతి కొత్త ఆకూ వెనకటిదానికన్నా చిన్నది, పల్చన. మీగడ అంచులు గోధుమ రంగు తిరిగి ముడుచుకుంటున్నాయి. మధ్యాహ్నం మంచు ముక్కలు తెచ్చి కుండీ చుట్టూ పేర్చింది. ఎరువు మార్చింది. పొద్దున ఒకచోట, సాయంత్రం ఒకచోట పెట్టింది. పెట్టినచోట నచ్చక మళ్లీ తీసింది.

"ఊయలేసి ఊపు, అదొక్కటే తక్కువ," అన్నాడు దేవరాజన్. ఆమె భర్త. లారీ తోలి రిటైరైనవాడు. ఇప్పుడు ఆదివారాలు మెర్బోక్ ఏటిలో గాలం వేయడం తప్ప ఆయనకు వేరే పని లేదు.

"ఊపితే పడుకుంటాదంటే అదీ సేస్తాను."

ఆ మాట దగ్గరే ఆమెకు ఫ్రిజ్ తట్టింది.

ఆ ఇంట్లో ఫ్రిజ్‌లు రెండు. వంటింట్లోది పాలు, కూరలు, అన్నీ పెట్టుకునేది. వెనక కడుగు గదిలో ఉన్న పాతది చేపలకీ మాంసానికీ. దేవరాజన్ పట్టుకొచ్చినవన్నీ డబ్బాల్లో సర్ది దాచేది అందులోనే. సెప్టెంబరులో తమిళుల పురట్టాసి నెల వస్తే ఇక్కడి మనవాళ్ల ఇళ్లలో నీచు ముట్టరు. శనివారాలు పెరుమాళ్ గుడికి పళ్లు, ప్రసాదాలు. దేవరాజన్ తల్లి నూకమ్మ ఈ విషయంలో ఎవర్నీ లెక్కచేయదు. నెల పుట్టే ముందురోజు చేపల ఫ్రిజ్ ఖాళీ చేయించి, పసుపు నీళ్లతో కడిగించి, తీగ పీకించి, తలుపు మూతపడకుండా పుల్ల అడ్డం పెట్టిస్తుంది. నెలంతా అది నోరు తెరుచుకుని నిలబడాల్సిందే.

"ఈసారి తీగ పీకకత్తా," అంది రత్నావతి. "నా మొక్కని పడుకోబెట్టుకుంటాను."

"మొక్కకి సలెట్టదేటే?"

"సలెట్టాలనే!"

మోగనని ఫోన్లో అడిగింది. మోగన ఓపిగ్గా చెప్పింది. ఆకులు పసుపెక్కి వాలిపోయేదాకా నీళ్లు తగ్గించు. తరవాత మట్టి కాస్త చెమ్మగా ఉంటే చాలు. కుండీకి చిల్లుల సంచి తొడుగు. గడ్డకట్టనివ్వకు. మాటిమాటికీ తలుపు తియ్యకు.

"ఆ పెట్టిలో ఇంకేటుంటాది?"

"సాపలు, కోడి. అది సాపల పెట్టే కదే."

"డబ్బాల్లో ఉంటే పరవాలేదక్కా. దాని వల్ల మొక్కకేటీ కాదు."

పురట్టాసి మొదలైంది. ఆకులు రాలిన కుండీ, నేలలోంచి తల కొంచెం బయటపెట్టిన ఒకే ఒక్క లావు మొగ్గతో, చేపల ఫ్రిజ్ మధ్య అరలో పడుకుంది.

"నెలంతా నాకు సాప ముక్క లేదు," అన్నాడు దేవరాజన్, చారన్నం కలుపుకుంటూ. "మొక్కకి మాత్రం ఏసీ!"

రత్నావతి నవ్వలేదు. ఆమెకు ఒకచోట కాలు నిలవడం లేదు. తలుపు తియ్యొద్దన్న మాట గుర్తుంది. అయినా తీసేది. తీసి, వేలితో మొగ్గను నొక్కి, గట్టిగా ఉందని చూసుకుని మూసేది. మూశాక, తలుపు సరిగ్గా పడిందో లేదోనని మళ్లీ తీసేది. బజారుకి వెళ్లి కరెంటు పోయిందేమోనన్న భయంతో సగం సరుకులు మరిచిపోయి తిరిగొచ్చేది. మోగన ఫోన్ చేసి "ఎలగుంది?" అంటే "పడుకుంది" అని గొప్పగా చెప్పేది. ఇదంతా చెబుతున్నప్పుడు కూడా ఆమె నా ముందు నిలబడలేదు. ఒక్కో వాక్యానికి ఒక్కో కుండీ జరిగింది.

మొదటి శనివారం పూజకి పళ్లు వచ్చాయి. వంటింటి ఫ్రిజ్‌లో జాగా లేదు. నూకమ్మ కర్ర పట్టుకుని కడుగు గదిలోకి నడిచింది.

"ఇది కాళీగానే ఉంది కదే. పసుపు నీళ్లతో కడిగినాం. ఇప్పుడిది సామి పెట్టి."

రత్నావతి అడ్డు చెప్పలేదు సరికదా, సంతోషపడింది. ఇన్నాళ్లూ నీచు ఉన్నచోట ఒంటరిగా పడున్న మొక్కకి మంచి తోడు దొరికిందనుకుంది. తనే కుండీని వెనక్కి జరిపి, దాని చుట్టూ ఆపిల్ పళ్లు పేర్చింది. కింది అరలో ముగ్గిన మామిడిపళ్లు, తలుపు అరలో అరటి హస్తాలు. నూకమ్మ కుండీకి పసుపు రాసి బొట్టు కూడా పెట్టింది. విషయం తెలిసి సందులోని ఇతర ఇళ్లవాళ్లు కూడా గుడికివ్వాల్సిన పళ్లు తెచ్చి ఇచ్చారు. ప్రతి శనివారానికీ పాతవి గుడికి వెళ్లడం, కొత్తవి లోపలికి రావడం. తలుపు తీస్తే కడుగు గదంతా పళ్ల వాసన.

"నా మొక్క దేవుడి గదిలో పడుకున్నట్టుంది," అని నాతో అప్పట్లో ఆమె అన్నమాట నాకు బాగా గుర్తు. ఆ వాసనకి నేనూ మురిసిపోయాను.

నెల చివరికొచ్చింది. ఒక పొద్దున ఆమె ఎప్పట్లాగే వేలు పెట్టి నొక్కింది. మొగ్గ లోపలికి దిగిపోయింది.

చెయ్యి వెనక్కి లాగేసుకుంది. మళ్లీ నొక్కింది. ఉడికిన చిక్కుడు గింజలా మెత్తగా ఉంది. వెంటనే మోగనకి వీడియో కాల్ చేసింది.

"మెత్తబడిపోయిందే!"

"ఏది, సూపించు. దగ్గరెట్టు. నీళ్లెక్కువ పోసినావేటి?"

"సుక్క పోయలేదు. ఒట్టు."

"గడ్డకట్టిందా?"

"లేదు లా!"

"మరేటి... అక్కా, ఉండు ఉండు. ఫోను కదపకు. ఆ ఎనకాల ఎర్రగా ఏటవి?"

"ఆపిళ్లు."

"ఆపిళ్లా!"

"సామికే. కింద మామిడిపళ్లున్నాయి, అరటిపళ్లున్నాయి. సూపించనా?"

"అయ్యో అక్కా. మా పూల గదిలోకి ఎవులైనా ఒక్క అరటిపండు తెచ్చుకున్నా సూపర్వైజరు తిట్టి బైటికి తోలుతాడు. పళ్లు ముగ్గేటప్పుడు వాటిలోంచి ఒక గాలొస్తాది. మూసిన పెట్టిలో ఆ గాలికి పూలు రాలిపోతాయి, పడుకున్న మొగ్గ పాడైపోతాది."

"మరి ముందు సెప్పొద్దేటే!"

"సాపల పెట్టన్నావు కదా! సాపల్లోంచి గాలేటొస్తాది? పురట్టాసి సంగతి నాకు తట్టనే లేదక్కా. ఇక్కడ మేమిద్దరమే, పళ్లెన్ని కొంటాం?"

అటు ఆమె ఏడుస్తోంది. ఇటు ఈమె ఏడవడానికి కూడా ఒకచోట ఆగలేకపోతోంది. గుమ్మంలో నిలబడి విన్న నూకమ్మ కర్ర గోడకి ఆనించి, కొంగు పట్టి, ఆ వయసులో వంగి, ఆపిల్ పళ్లన్నీ తనే ఒడిలోకి తీసుకుని వంటింట్లోకి మోసింది.

"సామి పళ్లని ఎట్టినాను," అంది తిరిగొచ్చి. "దానికేటైనా అయితే ఆ పాపం నాదే."

"పళ్లు పేర్చింది నానత్తా. పళ్లకి గాలుంటాదని మనకేటి తెలుసు?"

దేవరాజన్ కుండీ వంక చూసి పెదవి విరిచాడు. "పారెయ్యి. ఇంకోటి కొందాం."

"ఎక్కడ కొంటావు? అది లారీ ఎక్కి పోయింది. ఇదొక్కటే. సగమిస్తానని మోగనకి మాటిచ్చినాను."

రత్నావతి కుండీ బోర్లించి, వేళ్లకి పట్టిన మట్టిని గిన్నెడు నీళ్లలో మెల్లగా కడిగింది. చాలా వేళ్లు తెల్లగానే ఉన్నాయి. ఫ్యాక్టరీ వదిలేటప్పుడు స్నేహితులిచ్చిన భూతద్దం తెచ్చి, వెలుతురులో పెట్టి చూసింది. కుళ్లు మొగ్గలోంచి దుంపలోకి దిగుతోంది. వేడి నీళ్లలో ముంచిన బ్లేడుతో మెత్తటి భాగమంతా తీసేసింది. తీసినకొద్దీ మంచి భాగం చిన్నదవుతోంది. ఆమె ఒకచోట కుదురుగా కూర్చుందంటే ఆ కాసేపే కూర్చుందని దేవరాజన్ నాకు తరవాత చెప్పాడు. చివరికి దుంప పక్కన, వేరు మొదట్లో, బియ్యపు గింజంత పొడుపు కనిపించింది. గోటితో తాకింది.

"గట్టిగున్నాది! అత్తా, ఒకటి గట్టిగున్నాది!"

మోగనకి చూపించింది. అది సరిగ్గా నిద్ర పూర్తి చేసుకోలేదని, మళ్లీ చలిలో పెట్టాలని మోగన చెప్పింది. ఎక్కడ పెట్టాలి? రెండ్రోజుల్లో పురట్టాసి అయిపోతుంది. చేపల ఫ్రిజ్ కడిగి ఇస్తానన్నాడు దేవరాజన్. నెలంతా గాలం ముట్టనని కూడా అన్నాడు. కానీ రత్నావతికి ఆ ఫ్రిజ్ మీద నమ్మకం పోయింది. అంతకన్నా తన చెయ్యి మీద పోయింది. ఇది ఇక్కడుంటే తను నొక్కకుండా ఉండలేదు. సగం చేయడానికి అక్కడ సగం లేదు. గింజంత ప్రాణం ఒక్కటే ఉంది.

"పొద్దున్నే మోగన కాడికి ఎల్లిపోతాను," అంది. "నీ సాపల డబ్బా ఇయ్యి."

అది ఆయన ఏటికి తీసుకెళ్లే ఐసు డబ్బా. నూకమ్మ గుండె మీద చెయ్యేసుకుంది.

"పురట్టాసిలో సాపల డబ్బా సేతపట్టుకుని పెయాణమా!"

"సామి పెట్టిలో ఎడితే ఇలగైంది కదత్తా. సాపల డబ్బాలో ఏటవుతాదో సూద్దాం."

నూకమ్మకి నవ్వాలో తిట్టాలో తెలియక డబ్బాని తనే పసుపు నీళ్లతో కడిగి ఇచ్చింది.

దారిలో ఇపో ఊళ్లో బస్సు మారాలి. అక్కడ ఎక్కిన ఒక మలాయ్ పెద్దావిడ ఆమె పక్కన కూర్చుంది. ఒళ్లో వల సంచి నిండా పంపర పనసపళ్లు. రత్నావతి డబ్బా ఎత్తుకుని వెనక సీటుకి వెళ్లింది. వెనక సీటులో కుర్రాడు ఆపిల్ కొరుకుతున్నాడు. లేచి ముందుకొచ్చింది. పెద్దావిడ తన జాకెట్టు వాసన చూసుకుని, తన దగ్గర కంపు కొడుతోందా అని మలాయ్‌లో అడిగిందట. ఏం చెప్పాలో తెలియక రత్నావతి డబ్బా మూత కొంచెం తెరిచి చూపించింది. లోపల ఐసు మధ్య, మట్టి తప్ప ఏమీ కనిపించని చిన్న కుండీ. పెద్దావిడ ఆ మట్టి వంక, ఈమె మొహం వంక చూసి, పళ్ల సంచి తీసుకెళ్లి డ్రైవరు వెనకాల పెట్టొచ్చింది. కొండ మలుపులన్నీ రత్నావతి డబ్బా మీద చేతులేసి, సీటు అంచు మీదే కూర్చుని ఎక్కింది.

మోగన కుండీ చేతిలోకి తీసుకుని, మట్టి పక్కకి తోసి చూసి, మళ్లీ కప్పేసింది.

"సగం నీదన్నాను," అంది రత్నావతి. "మొత్తం తెచ్చినాను. మొత్తమంటే ఇదే."

"సాలక్కా."

సిట్టెలక పూల గదిలో ఒక మూల అరలోకి వెళ్లింది. రత్నావతి ఇంటికొచ్చింది. దీపావళి వచ్చింది, వెళ్లింది. రోజూ ఫోన్ చేసేది. "సూసినావా? నొక్కి సూసినావా?" అనేది. మోగన మొదట్లో జవాబు చెప్పేది, తరవాత ఫోన్ తీయడం మానేసి తమిళంలో ఒకే మెసేజి పంపేది: సుమ్మా ఇరుక్కా. ఊరికే ఉండు. ఈమెకు చేతకాని పని అదొక్కటే. ఆ రోజుల్లో నేను వెళితే నీడ తోటలో ప్రతి కుండీ కొత్తచోట ఉండేది. కెలాడిలను పీకి మళ్లీ నాటింది. వల విప్పి మళ్లీ కట్టింది. మాట మధ్యలో ఆగిపోయి ఫోన్ చూసేది.

చివరికి ఒక మెసేజి వచ్చింది. మొలకొచ్చింది, ఇంకా సుట్టుకునే ఉంది, ఫోటో పంపనా అని. వెనకే ఇంకొకటి: పక్క పొడుపులోంచి వొచ్చింది కదా, ఒక్కోసారి మీగడంచు రాదు, వొట్టి పచ్చగా వొస్తాది, ముందే సెప్తున్నాను.

"పంపకు," అని ఈమె వాయిస్ మెసేజి పెట్టింది. "నానే వొస్తాను."

వొట్టి పచ్చగా వస్తే అది బతికినట్టే. కానీ అది సిట్టెలక కాదు. ఇచ్చిన మాట తీరినట్టూ కాదు. ఈసారి బస్సులో ఎవరు ఏ పళ్లు తిన్నారో ఆమెకి తెలియదట.

మోగన కుండీని ఇంటి వెనక నీడలో, రాతి గోడ పక్కన పెట్టింది. చుట్ట విప్పుకుంటున్న ఆకు ఒక్కటి. రత్నావతి చెయ్యి చాపింది. మోగన ఆ చేతి మీద ఒక్కటేసింది.

"ముట్టకు! దాన్ని సుట్ట ఇప్పుకోనీ."

"కళ్లతో సూత్తాను లే."

రెండు రోజులు చూసింది. మొదటిరోజు సాయంత్రానికి ఒక పక్క అంచు కనిపించింది. వొట్టి పచ్చ. రత్నావతి వెళ్లి మోగన వంటింట్లో గిన్నెలన్నీ తోమింది, తోమినవి కూడా. రెండోరోజు మధ్యాహ్నం ఆకు పూర్తిగా తెరుచుకుంది. బొటనవేలి గోరంత కూడా లేదు. ఆ పచ్చని పక్క కొస దగ్గర మొదలై, చుట్టూ తిరిగి, సన్నగా, దారప్పోగంత మీగడ గీత. దాని కిందే రెండో ఆకు మొన కనిపిస్తోంది. దాని అంచు మరింత తెల్లగా ఉంది.

మోగన నేలమీద కూర్చుండిపోయింది. రత్నావతి భూతద్దం తీసి, ఎన్నో ఏళ్లు ఫ్యాక్టరీలో చూసినట్టే, ఆ గీతను ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసింది.

"తెగలేదు," అంది.

"పిలకలేశాక నీ సగం నీకిత్తానక్కా. మాటంటే మాటే."

"వొద్దే."

"ఏటి వొద్దు?"

"కింద అది పడుకోదు. నానూ పడుకోనివ్వను. ఇక్కడే ఉండనీ. నాకు సూడాలనుంటే నానే ఎక్కొస్తాను."

అప్పుడే దేవరాజన్ ఫోన్ చేశాడు. మెర్బోక్‌లో పెద్ద చేప పడిందట, ఎవరు వండుతారని అడిగాడు.

"అత్తనడుగు. నాను రెండో ఆకు ఇప్పేదాకా రాను," అంది రత్నావతి. "అదెప్పుడని అడక్కు. మోగన సెప్పదు, ఆకూ సెప్పదు." ఫోన్ మోగన ఒళ్లో పడేసి, గోడకి ఆనించున్న చీపురు తీసుకుని, ఎవరూ అడక్కుండానే ఆ మడి ఊడవడం మొదలుపెట్టింది.